వట్టివేళ్ళ తడిక

ఆ ఎండాకాలం మా ఇంటికి కంప్యూటర్ రిక్షాలో వచ్చింది. దానికి పాత దుప్పటి కప్పి, పక్కన కూర్చుని, రెండు చేతులతో పట్టుకుని తెచ్చాడు మా ఆయన శఠగోపం. ఎవరినో ఆసుపత్రి నుంచి తీసుకొస్తున్నారనుకుని వీధిలో వాళ్ళంతా గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. పెళ్ళయి రెండేళ్ళయినా నన్ను ఒక్కసారి కూడా అంత భద్రంగా పట్టుకుని రిక్షాలో తేలేదని నాకు నవ్వొచ్చింది. అప్పటికింకా నాకు నవ్వొచ్చేది.

ఆయన తిరుపతిలో ఒక హైస్కూల్లో లెక్కల అయ్యవారు. ఆ ఏడు వాళ్ళ బడికి ప్రభుత్వం ఒక కంప్యూటర్ ఇచ్చింది. టీవీ లాంటి పెట్టె, మీటలున్న పలక, రాసిన ప్రోగ్రాములు దాచుకోవడానికి పాటలు వినే టేప్ రికార్డర్, అంతే. దాని మీద శిక్షణకు పోయొచ్చింది ఈయన ఒక్కడే. సెలవుల్లో బడి రేకుల కప్పు కింద ఉంటే వేడికి పాడైపోతుందని, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు హెడ్మాస్టరు. ఆ మాట కోసం ఈయన ఏడాదంతా కాచుకుని ఉన్నాడని నాకు తెలుసు.

మా మామ యతిరాజులు అప్పుడే తోటలోంచి వస్తున్నారు, నెత్తిన పూలబుట్టతో. గడప దగ్గర ఆగిపోయారు.

"ఇదేందిరా?"

"కంప్యూటర్ నాయనా. సెలవులు అయ్యేదాకా మనింట్లోనే ఉంటాది."

"దీనికి తిండేమన్నా పెట్టాల్నా?"

"కరెంటు చాలు."

మామ బుట్ట దించకుండానే కాసేపు ఆలోచించారు. "సరే. ఎండెక్కేదాకా నువ్వు నాకు. ఎండెక్కినాక దానికి. పొద్దు వాలినాక మళ్ళా నాకు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్యా నాయనా."

"మరి నాకెప్పుడు?" అన్నాను నేను లోపల్నుంచి. తండ్రీ కొడుకులిద్దరూ నవ్వారు.

మా ఇంటిది పూల కైంకర్యం. వీధి చివరి చిన్న గుడిలో ఆండాళమ్మకు రోజూ పొద్దున మాల మా తోటలోంచే పోవాలి. కోసేటప్పుడు వాసన చూడకూడదు. కట్టేటప్పుడు ఊపిరి తగలకుండా మూతికి గుడ్డ కట్టుకోవాలి. అన్నిటికంటే పెద్ద కట్టుబాటు, కొన్న పువ్వు ఒక్కటి కూడా ఆ మాలలో చేరకూడదు. ఇంట్లో మైల వచ్చినప్పుడు మేము ముట్టుకోకూడదు గనక అర్చకుడే వచ్చి మా తోటలో తులసి కోసుకుపోయి వేసేవాడు. మామ కాలంలో గానీ, వాళ్ళ నాయన కాలంలో గానీ ఆండాళమ్మ మెడలో బజారు పువ్వు పడలేదు. మా మామకు ఆస్తి అన్నా, పరువు అన్నా, మిగిలిన బతుకన్నా అదే. అత్త వకుళమ్మ పోయాక ఆయన పొద్దున్నే లేవడం కూడా ఆ మాల కోసమేనని మా అందరికీ తెలుసు.

మొదట్లో ఆ ఒప్పందం బాగా నడిచింది. మా తోటకు మోటారు లేదు. గిలక బావి, చేద, చేంతాడు. తెల్లారేసరికి ఇద్దరూ చెరొక పక్కన నిలబడి తోడి కాలవల్లో పోస్తే, కొండ మీద బండలు ఎర్రబడే వేళకు మళ్ళన్నీ తడిసేవి. చాక్‌పీసు తప్ప పట్టని చేతులు గదా, ఈయన అరచేతులు బొబ్బలెక్కి, పగిలి, మెల్లగా గట్టిపడ్డాయి. ఒంటి నిండా మట్టితో వచ్చి చద్దన్నం అడిగి అడిగి పెట్టించుకునేవాడు. తరవాత స్నానం చేసి, గుడికి పోయేవాడంత శుచిగా ఆ పెట్టె ముందు కూర్చునేవాడు. నేను పక్కన చాప మీద నడుం వాల్చి మీటల చప్పుడు వింటూ నిద్రపోయేదాన్ని. ఆ మనిషిని అంత సంతోషంగా నేను అంతకు ముందు చూడలేదు, తరవాతా చూడలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన గట్టిగా కేక పెట్టాడు. "నాయనా, ఇట్ట రా!"

వసారాలో నార చీలుస్తున్న మామ పంచెకు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. నేనూ లేచాను. దానికి తెలుగు రాదు, ఇంగ్లీషు అక్షరాలే వచ్చు. ఈయన గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టుకుని, ఏ చుక్క వెలగాలో ఏది ఆరాలో ఒక్కొక్కటే దానికి చెప్పి, తెర నిండా 'శ్రీ' అని వచ్చేట్టు చేశాడు.

మామ తెర దగ్గరికి పోయి, తల ఇటు అటు వంచి చూశారు.

"పువ్వు పక్కన పువ్వు పెట్టినట్టు సుక్క పక్కన సుక్క పెట్టినావు గదరా. ఇదీ మాల కట్టే పనే." తెరకు దండం పెట్టి, కొడుకు తల మీద చెయ్యి వేశారు. "బాగుండాదిరా అబ్బోడా."

మా ఆయన తల దించుకున్నాడు. కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. తండ్రి నోటి నుంచి బాగుందనే మాట విన్న సందర్భాలు ఆయనకు ఎక్కువ లేవు. మాల కట్టడం ఆయనకు ఎప్పుడూ సరిగ్గా రాలేదు, ముళ్ళు వదులు. ఆ రోజు నుంచి పెట్టెలో ఏ చిన్న పని కుదిరినా "నాయనా, ఇట్ట రా!" అని కేక. మామ చేతిలో ఉన్నది ఉన్నట్టు వదిలేసి, పంచెకు చేతులు తుడుచుకుంటూ పోవడం. వాళ్ళిద్దరినీ అట్లా చూసి ఈ పెట్టె మన ఇంటికి మంచే చేసిందనుకున్నాను. అనుకోవడానికేం, ఎన్నయినా అనుకుంటాం.

వరసగా వానలు తప్పిన కాలం అది. స్వర్ణముఖిలో ఇసుక తవ్వినా తడి తగల్లేదు. వీధి కొళాయి దగ్గర బిందెలే వరసలో నిలబడేవి, మనుషులు నీడలో కూర్చునేవాళ్ళు. వెనక వీధిలో కొత్తగా కడుతున్న లాడ్జీకి లోతుగా బోరు దించారు. మా బావిలో చేద నీళ్ళను కాకుండా బురదను కొట్టిన రోజున చేంతాడుకు ఇంకో తాడు ముడేశాం.

"ఆండాళమ్మ సూసుకుంటాదిలే," అన్నారు మామ.

"ఆయమ్మ చూసుకునేదాకా మనం లెక్క చూసుకోవాల గదా నాయనా," అన్నాడు మా ఆయన. "ఉండే నీళ్ళను ఏ మడికి ఎంత పోస్తే తోట వానలొచ్చేదాకా నిలబడతాదో దీన్ని అడుగుతా. చెప్తాది."

నవ్వులాటకు అనలేదు. మర్నాడే కొలబద్ద పట్టుకుని మళ్ళన్నీ కొలిచాడు. ఏ మొక్క ఎంత తాగుతుందో మామను అడిగి రాసుకున్నాడు. తాడుకు జానెడు జానెడుకు ముళ్ళు వేసి, రోజూ సాయంత్రం బావిలోకి దించి ఎన్ని ముళ్ళు తడిశాయో చూసి, ఆ లెక్క పెట్టెకు ఇచ్చేవాడు. రోజుకు ఎంత ఊరుతోందో దాన్నిబట్టి అది తేలుస్తుందట. తెర మీద ఒక్కో మడికి చుక్కలతో ఒక్కో పువ్వు గీశాడు. తులసికి ఒకటి, మరువానికి ఒకటి, మల్లెకు, నందివర్ధనానికి, సంపంగికి. వానలొచ్చేదాకా బతికే మడికి పువ్వు వెలుగుతుంది. బతకని మడి చోటు ఖాళీగా ఉండిపోతుంది. చదువుతో పని లేకుండా మామకు కూడా అర్థమయ్యేట్టు చేశాడు.

"అన్ని పువ్వులూ ఉండేట్టు సెప్పమనరా," అన్నారు మామ.

ఆ కరువుకు కరెంటు కోతలు కూడా తోడయ్యాయి. ఎప్పుడిస్తారో, ఎప్పుడు తీస్తారో తెలీదు. టేపుకు ఎక్కించేలోపు కరెంటు పోతే పెట్టెలో రాసిందంతా గాల్లో కలిసిపోతుంది, మళ్ళీ మొదట్నుంచి కొట్టుకోవాలి. అందుకని కరెంటు ఉన్నప్పుడల్లా దాని ముందు ఉండాలి. వసారా బల్బు స్విచ్చి వేసి పెట్టేవాడు, కరెంటొస్తే తెలిసేట్టు. ఒక తెల్లవారుజామున ఇద్దరూ చేద తోడుతున్నారు. చేద సగం దూరం వచ్చింది. వసారాలో బల్బు వెలిగింది.

"నాయనా, ఇది పట్టుకో," అని తాడు మామ చేతిలో పెట్టి ఇంట్లోకి పరుగెత్తాడు.

మామ ఒక్కరే తాడు లాగుతూ నిలబడ్డారు. నేను పొయ్యి మీద ఎసరు వదిలేసి పోయి రెండో చెయ్యి వేశాను. "ఎండెక్కలేదు గదా మామా ఇంకా," అన్నాను, వినిపించాలనే గట్టిగా.

"పోనీలేమ్మా. వాడేం ఆడుకునేదానికి పోయినాడా? మన తోట పనే గదా సేస్తా ఉండాడు," అన్నారు మామ.

అంతే, ఒప్పందం ఆ రోజుతో పోయింది. పోయిందని ఎవరూ అనలేదు. తాడు ఒక పక్క మామ, ఇంకో పక్క వంట తెమిలితే నేను.

జవాబు వచ్చిన రోజు ఆయన మమ్మల్ని పిలవలేదు. మధ్యాహ్నం అన్నాల దగ్గర చెప్పాడు.

"నాయనా, అన్నిటికీ చాలవంటా ఉండాది. ఒక మడికి నీళ్ళు మానేస్తే మిగతావి నిలబడతాయంట."

"ఏ మడి?"

ఆయన అన్నం కలుపుతూనే ఉన్నాడు, కలిసిపోయిన అన్నాన్నే.

"ఎక్కువ తాగేది సంపంగి నాయనా."

మామ చెయ్యి ఆకులో ఆగిపోయింది. అది నేల సంపంగి, ఆ మడిలో గడ్డలు అత్త నాటినవి. అత్త పోయాక అందులో కలుపు కూడా నన్ను తియ్యనిచ్చేవారు కాదు. మాల మధ్యలో గుచ్చే సంపంగి ఏ రోజూ వేరే చెయ్యి కొయ్యలేదు.

"అది మీయమ్మ నాటిందిరా."

"నాకు తెలీదా నాయనా?"

"నీకు తెలుసు. దానికి సెప్పినావా?"

"అట్టాంటివి దానికి చెప్పేదానికి రాదు."

మామ ఆకు మడవలేదు, లేవలేదు. ఆకులో అన్నాన్ని ఒక పక్కకు జరిపారు. "మళ్ళా ఒకసారి అడుగు."

అడగను నాయనా, వంద సార్లు అడిగినా అదే చెప్తుంది, అని ఆయన అని ఉండాల్సింది. అనలేకపోయాడు. తండ్రి ముఖం చూస్తూ ఆ మాట ఎవరనగలరు? నేనైనా అనలేను. "అడుగుతా నాయనా," అన్నాడు.

అక్కణ్నుంచి అడగడమే పని. లెక్కలో ఎండకు ఆవిరయ్యే నీళ్ళు తగ్గించి అడిగాడు. మల్లెకు సగం కోసి అడిగాడు. నందివర్ధనాన్ని పూర్తిగా చంపేసి అడిగాడు. ఏం చేసినా సంపంగి చోటు ఖాళీగానే వచ్చేది. పైగా రోజురోజుకూ బావి ఊట తగ్గిపోతోందని సాయంత్రం తాడు చెప్పేది, ఆ తగ్గుదల లోపలికి పోయాక మరువం పువ్వు కూడా మిణుకు మిణుకుమనేది. పక్కన మామ ఏ మడినీ వదల్లేక అన్నిటికీ తలా చెంబెడు పోసేవారు. దేనికీ చాలేది కాదు. మాల రోజురోజుకూ సన్నబడింది. తులసి రెమ్మలు దూరం దూరంగా, మధ్యలో రెండు సంపంగులు. ఆండాళమ్మ మెడలో దాన్ని చూస్తే నాకు బిడ్డకు బువ్వ చాలకుండా పెట్టినట్టుండేది.

ఒక రోజు నాకు ఒళ్ళు మండిపోయింది.

"అడిగింది చాలు. బయటికొచ్చి రెండు చేదలు తోడండి. ఒక మొక్కన్నా తడుస్తాది."

ఆయన తెర మీంచి చూపు తిప్పలేదు. "నేను రెండు చేదలు తోడితే బావిలో రెండు చేదలు తగ్గుతాయి పెరుందేవీ. నీళ్ళు పుట్టవు."

"ఈడ కూర్చుంటే పుడతాయా?"

"పుట్టవు."

"మరి?"

"మరేం చేయమంటావు నన్ను? నాయనతో సంపంగి పీకెయ్‌మని నువ్వు చెప్తావా?"

ఆయన చెప్పింది నిజం, నేను చెప్పిందీ నిజం. రెండు నిజాల మధ్య తోట ఎండిపోతోంది. అప్పటికి నాకు నవ్వు రావడం మానేసింది.

ఎండలు ముదిరాక పెట్టె కూడా మొరాయించింది. మధ్యాహ్నం అక్షరాలు వణికి, తెర బిగుసుకుపోయేది. కొట్టిందంతా పోయేది. ఇంట్లో ఉన్న ఒక్క ఫ్యానూ దానికే తిప్పాడు. లాభం లేకపోయింది. ఆయన తల పట్టుకుని కూర్చోవడం మామ గుమ్మంలోంచి చూశారు.

"దానికి తల వేడెక్కినట్టుండాది పాపం," అన్నారు నాతో. "సల్లగుంటే సరిగ్గా ఆలోచిస్తాదేమో."

తోట మూల మనిషెత్తున పెరిగిన వట్టివేళ్ళ దుబ్బు ఉండేది. గుడిలో తీర్థానికి వేసే వేళ్ళు అవి. మామ దాన్ని తవ్వి, వేళ్ళు కడిగి, వెదురు బద్దల మీద అల్లి తడిక చేశారు. వసారా వైపున్న ఆ గది కిటికీకి కట్టి, దోసిళ్ళతో నీళ్ళు కొట్టారు. గాలి వీచేసరికి ఇల్లంతా చల్లటి వాసన. తలుపు సందులోంచి చూస్తే తెర వణకడం ఆగింది.

"నాయనా, ఇట్ట రా! ఆగకుండా పని చేస్తా ఉండాది!"

మామ పోయి చూసి వచ్చారు. ఆ ముఖంలో వెలుగు చూడాలి. ఆ పెట్టెకు తానూ ఒక పని చేసిపెట్టానని, ఇంక అది మాట వింటుందని ఆయన నమ్మకం. ఆ రోజు నుంచి తడిక తడపడం మామ కైంకర్యాల్లో ఇంకొకటి అయింది. ఆ వడగాల్పుకు తడిక ఎంతసేపు తడిగా ఉంటుంది? ఇట్లా కొడితే అట్లా ఆరిపోయేది. మామ మళ్ళీ చేద పట్టుకుని పోయేవారు.

"మామా, ఈ ఎండలో పోవద్దండి. నేను తెస్తా," అంటే వినేవారు కాదు.

"ఇదే కడపటి లెక్క అంటా ఉండాడమ్మా. ఈసారి సంపంగి వస్తాదేమో."

లోపల కూర్చున్న మనిషికి బయటేం జరుగుతోందో కనిపించేది కాదు. కిటికీకి తడిక ఉంది గదా.

ఆ రోజు వీధిలోకి నీళ్ళ బండి వచ్చిందంటే బిందె తీసుకుని పోయాను. తోపులాటలో సగం బిందె దొరికింది. తిరిగొచ్చేసరికి వసారాలో కిటికీ కింద, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు మామ. కాళ్ళు చాపుకుని, పక్కన ఖాళీ చేద. కళ్ళు మూసుకున్నారు. తడిక చల్లదనానికి కునుకు పట్టిందనుకున్నాను. ఇన్నాళ్ళకు ఈ మనిషి ఒక్క పూట నిద్రపోతున్నారని నాకు ప్రాణం కుదుటపడింది. చప్పుడు కాకుండా బిందె దించాను.

లోపల్నుంచి మా ఆయన గొంతు. "నాయనా, తడిక ఆరిపోయినాది. రవ్వంత నీళ్ళు కొట్టు."

"మామ నిద్రపోతా ఉండారు. నేను కొడతాలే," అన్నాను మెల్లగా.

బిందెలోంచి దోసిలితో తీసి తడికకు కొట్టాను. కింద కారిన నీళ్ళు మామ నుదుటి మీద, కనురెప్పల మీద పడ్డాయి. అయ్యో, లేపేశానే అనుకుని కొంగుతో తుడవబోయాను. ఆయన తుడుచుకోలేదు. కదల్లేదు. ఇంకో చుక్క పడింది, అది ముక్కు పక్కగా జారి గడ్డం దాకా పోయింది. నేను కొంగు చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. లోపల మీటల చప్పుడు ఆగకుండా వినిపిస్తూనే ఉంది.

వడదెబ్బ అన్నారు అందరూ. ఆ ఎండల్లో ఊళ్ళో చాలామంది పోయారు, మామ కూడా వాళ్ళలో ఒకరు.

మర్నాడు పొద్దున అర్చకుడు తులసి కోసుకోవడానికి తోటలోకి పోయాడు, మైల గదా. నేను వెనక గడప దగ్గర ముడుచుకుని కూర్చుని చూస్తున్నాను. ఆయన తులసి మడి చుట్టూ తిరిగి తిరిగి పుడకల్లాంటి నాలుగు రెమ్మలు తుంచి, వాటిని చేతిలో పెట్టుకుని నావైపు చూశాడు.

"దీంతో మాల కాదమ్మా," అన్నాడు. ఆయనకూ ఏడుపొచ్చింది. ఆ పూట బజారులో మాల కొని ఆండాళమ్మకు వేశారు.

చావుకంటే ఆ మాట నన్ను ఎక్కువ కుమిల్చింది. చెప్పుకుంటే తప్పేమో, కానీ అదే నిజం. మామ ఇంక ఆ మాట వినరని సంతోషించాలో, వినకుండానే ఆయన బతుకంతా ఇట్లా ముగిసిపోయిందని ఏడవాలో తెలియలేదు. గుడి బాగోగులు చూసే పరంధామయ్య కర్మలన్నీ అయ్యాక వచ్చి కూర్చున్నాడు. మంచి మనిషే.

"నువ్వేం మనసులో పెట్టుకోవద్దప్పా," అన్నాడు మా ఆయనతో. "బజారు మాల రోజూ వస్తా ఉండాది. గుడికి ఇబ్బంది లేదు. నీకు బడి ఉద్యోగం ఉండాది, ఈ కష్టం నీకెందుకు? తోట మళ్ళా పచ్చగైతే అప్పుడు సూసుకుందాం."

మా ఆయన తలూపాడు. గుండు మీద ఎండ పడుతున్నా పక్కకు జరగలేదు.

పెట్టె మీద పాత దుప్పటి కప్పేశాడు. ఇప్పుడు రోజంతా తోటలోనే. ఎండెక్కేదాకా, ఎండెక్కినాక, పొద్దు వాలేదాకా. చేద పట్టడు, మాట్లాడడు. సంపంగి మడి గట్టు మీద కూర్చుంటాడు. ఆ మడిలో ఆకులు గడ్డిలా ఎండిపోయి, పట్టుకుంటే గడ్డతో సహా చేతిలోకి వచ్చేస్తున్నాయి. మైల రోజుల్లో ఇంటి నిండా చుట్టాలు, ఎవరికీ తోట గుర్తుకు రాలేదు. ఆయన్ను అట్లా చూస్తుంటే, మళ్ళీ ఆ పెట్టె ముందు కూర్చున్నా బాగుండును అనిపించేది. ఆ మాట నేను అనుకుంటానని ఎన్నడైనా అనుకున్నానా?

మిగిలిన రెండు తులసి మొదళ్ళకైనా నీళ్ళు పోద్దామని నేనే రోజూ తోడేదాన్ని. ఆ ముళ్ళ తాడు బావి గట్టున అట్లాగే పడి ఉండేది. బడి తెరిచే రోజులు దగ్గర పడ్డాయి. ఒక సాయంత్రం చేద దించితే ఎప్పటికంటే ముందే నీళ్ళు తగిలాయి. ముళ్ళ తాడు తీసి దించి చూశాను. పైముడి దాకా తడిసింది.

"ఇదిగో, బావిలో ఊట పెరిగినట్టుండాది," అన్నాను. ఏదో ఒకటి మాట్లాడించాలని అన్నాను గానీ, ఇంకేం లేదు.

ఆయన గట్టు మీంచి తల తిప్పాడు. "చుక్క వాన పడలేదు. ఊట ఎట్ట పెరుగుతాది?"

"ఏమో మరి. మధ్యాహ్నం పూట ఇప్పుడెవరూ తోడ్డం లేదు గదా, అందుకేమో."

"మధ్యాహ్నం ఎవురు తోడినారు?"

"మామ. తడికకు."

ఆయన లేచి నిలబడ్డాడు. "తడిక నీళ్ళు బావిలోవా?"

"మరి యాడివి?"

"కొళాయివి గదా. తొట్లో పట్టి పెట్టినవి గదా."

"కొళాయిలో తాగేదానికే లేకపోతే తడికకు యాడ్నుంచి వస్తాయి? ఎన్ని చేదలు తోడేవారో ఆయనకే తెలీదు. మడికి పోసినదానికంటే దానికి పోసిందే ఎక్కువ."

ఆయన నా చేతిలోని ముళ్ళ తాడు వైపు చూశాడు. సాయంత్రం సాయంత్రం తాను తాడు దించి కొలిచిన నీళ్ళు, మధ్యాహ్నం మామ తోడగా మిగిలినవి. బావి ఎండిపోతోందని రోజూ పెట్టెకు చెప్పాడు. అదేం చేస్తుంది, నమ్మింది. సంపంగి కోసం అడిగిన కొద్దీ తడిక తడవాలి, తడిక తడిసిన కొద్దీ సంపంగికి నీళ్ళు లేవు. ఇది నాకు తరవాత ఎప్పుడో నిదానంగా అర్థమైంది. ఆయనకు ఆ గట్టు మీద నిలబడ్డప్పుడే అర్థమైందనుకుంటాను, ఎందుకంటే కాళ్ళకు మట్టితోనే ఇంట్లోకి నడిచాడు.

నేను వెనకే పోయాను. దుప్పటి లాగేశాడు. కరెంటు ఉంది. టేపు పెడితే అది కీచుమని అరిచి అరిచి ఆగింది. ఆయన పాత ఊట లెక్క చెరిపి, తడికకు పోయిన నీళ్ళు కలిపి, వానలకు మిగిలిన రోజులు కొత్తగా కొట్టాడు. చాలా రోజుల తరవాత ఆయన ముఖంలో మళ్ళీ మనిషి కనిపించాడు, లెక్క పట్టుకున్న మనిషి. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.

తెర మీద ఒక్కొక్కటే రావడం మొదలుపెట్టాయి. తులసి పువ్వు వెలిగింది. మరువం వెలిగింది. మల్లె, నందివర్ధనం. చివర ఎప్పుడూ ఖాళీగా ఉండే చోట కాసేపు ఏమీ లేదు. తరవాత చుక్క పక్కన చుక్క, చుక్క పక్కన చుక్క పేర్చుకుంటూ సంపంగి వచ్చింది.

ఒక్క చోటు కూడా ఖాళీ లేదు.

ఆయన బల్ల మీద చేత్తో చరిచాడు. ముఖం 'శ్రీ' వచ్చిన రోజులా వెలిగిపోయింది. తలుపు వైపు తిరిగి, ఇల్లంతా వినిపించేట్టు కేక పెట్టాడు.

"నాయనా, ఇట్ట రా!"

పంచెకు చేతులు తుడుచుకుంటూ మామ వస్తారని, నేను కూడా వెనక్కి తిరిగి వసారా వైపు చూశాను.